మాల తీసిన మర్నాడు

ఏటా కార్తీకం రాగానే వీధికి ఇద్దరు ముగ్గురు నల్లబట్టల్లోకి మారతారు. వాళ్లలో క్వార్టర్ పడనిదే రాత్రి ముద్ద దిగని మనిషి ఒకరైనా ఉంటారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, మధ్యాహ్నం భిక్ష, నేల మీద పడక. 41 రోజులు చుక్క ముట్టరు. శబరిమల వెళ్లివచ్చి మాల తీసిన రెండో రోజో మూడో రోజో పాత బల్ల దగ్గరే, పాత స్నేహితుల మధ్యే కనిపిస్తారు. ‘దేవుడి భయం ఉన్నన్నాళ్లే’ అని ఊరు నవ్వుకుంటుంది. ఇంట్లోవాళ్లు మాత్రం తల పట్టుకుంటారు. అన్ని రోజులు ఉండగలిగిన మనిషి ఇప్పుడెందుకు ఉండలేకపోతున్నాడు?

ఊరి నవ్వుకన్నా ఇంట్లోవాళ్ల ప్రశ్నే తెలివైనది.

దీక్షలో ఆయన సంకల్పం ఎంత గట్టిపడిందో మనం కొలవలేం గానీ, సాయంత్రాలు మాత్రం మొత్తం మారిపోయాయి. ఆరున్నరకు భజన. చుట్టూ తనలాంటివాళ్లే. నిన్నటిదాకా ‘ఏరా’ అన్నవాడు ‘స్వామీ’ అంటాడు. స్వామికి ఎవరూ గ్లాసు అందించరు. నల్లపంచెతో వైన్ షాపు ముందు నిలబడటానికి ఆయనకే కాళ్లు రావు. మాల తీయగానే ఈ కంచె అంతా ఒక్క పూటలో లేచిపోతుంది. మర్నాడు సాయంత్రం బండి పాత సందులోకి దానంతటదే తిరుగుతుంది.

‘దానంతటదే’ అన్నది ఊరికే వాడిన మాట కాదు. 1940లలో అమెరికాలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో ఏబ్రహాం విక్లర్ అనే వైద్యుడు ఒక వింత గమనించాడు. మత్తుమందు మానేసి నెలలు గడిచిన రోగులు గుంపుగా కూర్చుని ఆ మందు కబుర్లు మొదలుపెట్టగానే ఆవులింతలు, ముక్కు కారడం, కళ్ల వెంట నీళ్లు. అవన్నీ మందు కొత్తగా మానేసినవాళ్లకు వచ్చే లక్షణాలు. ఒంట్లో మందు ఆనవాలు లేదు, మాట చాలింది. తిండికి ముందు రోజూ గంట వినిపించి అలవాటు చేస్తే, తర్వాత గంట వినగానే పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కకు నోరూరినట్టే ఇదీ. మన వీధిలో ఆ గంట బజ్జీల నూనె వాసన కావచ్చు, ప్లాస్టిక్ గ్లాసుల చప్పుడు కావచ్చు, జీతం పడినట్టు ఫోనుకు వచ్చిన మెసేజీ కావచ్చు. గ్లాసు చేతికి రాకముందే మెదడులో డోపమిన్ అనే, కోరికను రేపే రసాయనం కదిలిపోతుంది.

రోజులు గడిచేకొద్దీ ఈ ముడి వదులవుతుందని అనుకోవడం సహజం. 2001లో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగంలో తేలింది వేరు. కొకైన్ ఆపేశాక, దాన్ని గుర్తుచేసే సంకేతం ఎదురైతే కలిగే కోరిక తొలి రోజుల్లోకన్నా రెండు నెలల తర్వాత ఎక్కువగా ఉంది. ‘రెండు నెలలైంది, ఇక భయం లేదు’ అని ఇల్లు ఊపిరి పీల్చుకునే వేళ అసలు జాగ్రత్త పడాల్సిన వేళ కావచ్చు.

దీనికి అటువైపు కథ వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అమెరికా సైనికులది. అక్కడ ఉండగా తాము మత్తుమందులకు బానిసలమయ్యామని దాదాపు 20 శాతం మంది చెప్పారు. 1971లో తిరిగి వచ్చినవారిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకుని అడిగారు. అక్కడ బానిసలైనవారిలో ఇంటికి చేరిన ఏడాదిలోపు మళ్లీ బానిసలైనవారు 5 శాతం మాత్రమే. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, ఆ బంకర్లు, ఆ తోడు, ఆ చవక హెరాయిన్ సముద్రం అవతలే ఉండిపోయాయి. మన స్వామికి అంత అదృష్టం లేదు. ఆయన బానిసైన వీధీ, తిరిగి వచ్చిన వీధీ ఒకటే.

సరే, తాగాడు. ఆ తర్వాత ఏమవుతుందన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లట్ జీవితమంతా దీన్నే తవ్వాడు. మొదటి గ్లాసు వేరు, పాత అలవాటులోకి పూర్తిగా జారిపోవడం వేరు. ఈ రెంటి మధ్యా మనిషి తనకు తాను చెప్పుకునే ఒక మాట ఉంటుంది. మనవాళ్లు ఆ మాటను ఎప్పుడో సామెత చేశారు: మునిగినవాడికి చలేమిటి? ఎలాగూ చెడింది కాబట్టి ఇంకో గ్లాసు, ఇంకో రోజు. దీక్ష బలం ఇక్కడే బలహీనత అవుతుంది. దీక్షలో ఉన్నవి రెండే స్థితులు: నిలవడం, భంగం కావడం. తడబడి లేచే మనిషికి అందులో చోటు లేదు. ఇంటివాళ్ల తిట్లు కూడా చాలాసార్లు ఆ సామెతకే సాక్ష్యం చెబుతాయి.

మళ్లీ మొదలుపెట్టడం వింతేమీ కాదు. మత్తుపదార్థాలకు చికిత్స తీసుకున్నవారిలో 40 నుంచి 60 శాతం మంది ఏడాదిలోపు తిరిగి వాడతారని 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష లెక్క. బీపీ, ఉబ్బసం రోగుల్లో జబ్బు తిరగబెట్టడమూ తక్కువేమీ కాదని అందులోనే ఉంది. బీపీ పెరిగినవాణ్ని మనం మాత్రం నడివీధిలో నిలబెట్టి అడగం.

కోరిక పుట్టిన క్షణంలో ఏం చేయాలి? మార్లట్ దాన్ని సముద్రపు అలతో పోల్చాడు. లేస్తుంది, విరుగుతుంది. మామూలుగా అరగంట లోపే. దానితో కుస్తీ పట్టకుండా, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ కూర్చోమన్నాడు. వినడానికి తేలిక, చేయడానికి కాదు. ముందు కడుపు నింపుకోవడం ఇంకా తేలిక. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఉన్న పూట అల ఎత్తుగా లేస్తుంది.

మందులూ ఉన్నాయి. నాల్ట్రెక్సోన్ తాగుడులోని హుషారును తగ్గిస్తుంది. 1948లో డెన్మార్క్ పరిశోధకులు వెలుగులోకి తెచ్చిన డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. దీన్ని మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. వాళ్ల బాధ అర్థమవుతుంది గానీ అది ప్రాణాలతో చెలగాటం. అలాగే పొద్దున లేవగానే చేతులు వణికి, చుక్క పడితేగానీ నిలబడలేని మనిషి, మాల కోసమైనా సరే, డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్లు వరుస కట్టారు. 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మత్తు మానాలనుకునేవారి జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేస్తే ఉచితంగా దారి చూపుతారు.

తడబడిన మర్నాడు మంచి కౌన్సెలర్ ‘ఎందుకు తాగావు’ అని అడగరు. ఎన్ని గంటలకు, ఎవరితో, అంతకుముందు ఏం తిన్నారు, ఏ దారిన వచ్చారు అని అడుగుతారు. జీతం రోజు. మధ్యాహ్నం తినలేదు. తమ్ముడితో మాటా మాటా పెరిగింది. బండి ఆ సందులోంచే పోనిచ్చాను. వచ్చే నెల ఒకటో తేదీన ఇంటికి వేరే దారి ఉందా?

ఉంది. చెరువుగట్టు మీదుగా రావాలి. రెండు కిలోమీటర్లు ఎక్కువ.