రిటైరయ్యాక ఎన్ని హాబీలు?

తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు ఇప్పుడు 61. ఆ మర్నాటి నుంచే హైదరాబాద్‌లో చాలామంది కొత్త టైంటేబుల్ వేసుకుంటారు. పొద్దున్నే కేబీఆర్ పార్కులో నడక, వచ్చాక మిద్దె తోట, పదకొండింటికి వీణ క్లాసు, మధ్యాహ్నం చదరంగం, సాయంత్రం త్యాగరాయ గానసభలో కచేరీ, ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల వేట. ఇన్నేళ్లు వాయిదా వేసుకున్న సరదాలు కదా, ఒక్కటీ వదలబుద్ధి కాదు. కొన్నాళ్లకు మాత్రం కుండీలకు నీళ్లు పోయలేదని, పాఠం సాధన చెయ్యలేదని టెన్షన్ మొదలవుతుంది.

అది బద్ధకం కాదు. వయసుతో పాటు మెదడులో ముందుగా తగ్గేవాటిలో వేగం ఒకటి. నరాల తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. అది దెబ్బతినే కొద్దీ సంకేతాలు నెమ్మదిగా నడుస్తాయి. పెద్ద వయసులో జ్ఞాపకశక్తిలోనూ ఆలోచనలోనూ కనిపించే మార్పులకు ఈ నెమ్మదే పెద్ద కారణమని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త టిమోతీ సాల్ట్‌హౌస్ 1996లో సిద్ధాంతీకరించారు. పదసంపద, లోకజ్ఞానం అంత తొందరగా తగ్గవు. కష్టమల్లా నాలుగు పనుల్ని ఒకేసారి మనసులో మోయడంలోనే. ఒక పని నుంచి ఇంకోదానికి మారిన ప్రతిసారీ మెదడు మళ్లీ సర్దుకోవాలి, దానికి టైమూ ఓపికా రెండూ ఖర్చవుతాయి.

మరి ఏం చెయ్యాలి? జర్మన్ శాస్త్రవేత్తలు పాల్ బాల్టెస్, మార్గరెట్ బాల్టెస్ దంపతులు 1990లో దీనికో దారి చూపించారు. కొన్నిటినే ఎంచుకోవడం, వాటికే ఎక్కువ సాధన ఇవ్వడం, తగ్గిన శక్తికి ఇంకో ఉపాయంతో సరిపెట్టడం. పాల్ బాల్టెస్ చెప్పే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. ఎనభై ఏళ్ల వయసులో ఆయన తక్కువ రచనలు ఎంచుకుని, వాటినే ఎక్కువగా సాధన చేసేవాడు. వేగంగా వాయించాల్సిన భాగం రాబోయే ముందు కావాలనే నెమ్మదించేవాడు. దాంతో ఆ తర్వాతి వేగం వినేవాళ్లకు మరింత వేగంగా తోచేది.

వీణ నేర్చుకునేవారికి ఇందులో మంచి పాఠం ఉంది. తొలి పాఠాలైన సరళీ స్వరాలను మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, వాయించాలని పట్టుబడితే వేళ్లు తడబడతాయి, విసుగొస్తుంది. అదే ఒకటో కాలంలో, నెమ్మదిగా వాయిస్తే ప్రతి స్వరం మెట్టు మీద సరిగ్గా పలికిందో లేదో చెవికి తెలుస్తుంది. పది కీర్తనలు పైపైన పట్టుకోవడం కన్నా ఒక వర్ణం నిదానంగా, శుభ్రంగా రావడమే మేలని నా గట్టి నమ్మకం. మిద్దె తోటకూ ఇదే వర్తిస్తుంది. మే నెల ఎండలో మిద్దె నిండా కుండీలు కాపాడుకోవడం వయసులో ఉన్నవాళ్లకే కష్టం. ఇష్టమైన ఆకుకూరలు, రెండు టమాటా మొక్కలు, ఒక మల్లె తీగ ఉంచుకుని, కుండీలను నడుమెత్తు స్టాండ్ల మీదికి ఎక్కించి, డ్రిప్ పెట్టించుకుంటే వంగే బాధ, బిందెలు మోసే బాధ తప్పుతాయి. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే కుండీ బరువూ తగ్గుతుంది.

ఏది ఉంచుకోవాలన్నదే అసలు చిక్కు. ముందున్న కాలం తక్కువనిపించే కొద్దీ మనుషులు మనసుకు దగ్గరైన పనుల్నీ మనుషుల్నీ ఎంచుకుంటారని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్సన్ సిద్ధాంతం. కాబట్టి కొన్ని వదిలేయాలనిపిస్తే తప్పుగా భావించకండి. అయితే ఉంచుకున్నవాటిలో ఒక్కటైనా కొత్తగా, కాస్త కష్టపడి నేర్చుకునేదై ఉండాలి. 2014లో డెనీస్ పార్క్ బృందం అమెరికాలో 60 నుంచి 90 ఏళ్ల వారికి మూడు నెలలపాటు, వారానికి 15 గంటలకు పైగా డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం నేర్పించి చూసింది. ఊరికే కబుర్లు, షికార్లతో గడిపిన వారికన్నా కొత్త పని నేర్చుకున్నవారి జ్ఞాపకశక్తి మెరుగైంది. వారానికి అన్ని గంటలు ఒక్కదానికే ఇవ్వాలంటే మిగతావాటిని తగ్గించుకోక తప్పదు.

నడకను మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, 65 దాటినవారికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్ కసరత్తులు కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

పక్కన పెట్టినవి చేజారిపోతాయన్న భయం చాలామందికి ఉంటుంది. చేతులు నేర్చుకున్న నైపుణ్యాలు మెదడులో బేసల్ గాంగ్లియా, సెరిబెల్లం వంటి భాగాల మీద ఎక్కువగా ఆధారపడతాయి. పేర్లు, తేదీల జ్ఞాపకం కన్నా అవి ఎక్కువ కాలం నిలుస్తాయి. ఈ ఏడాది ఫొటోగ్రఫీ కోసం వీణకు గలీబు తొడిగి పెట్టినా, మళ్లీ తీసినప్పుడు కొన్నాళ్లు తడబడ్డా, పాత పాఠాలు మొదటిసారి కన్నా తొందరగానే చేతికొస్తాయి.