దేవుడు లేడని తేల్చుకున్న తర్వాత మొదలయ్యే తగాదాలు: ఆన్‌లైన్ నాస్తిక ఉద్యమంపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉద్యోగం చేసే రోజుల్లో, 2009 నుంచి కొన్నేళ్లపాటు ఒక ఇంగ్లిషు నాస్తిక వేదికకు అడ్మిన్లలో ఒకరిగా పనిచేశాను. తిరిగి వచ్చాక హైదరాబాదులో ఉంటూ ఒక తెలుగు హేతువాద గ్రూపు బాధ్యత చూస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చదివినవి, తొలగించినవి, సర్దిచెప్పినవి, సర్దిచెప్పలేక వదిలేసినవి ఎన్నో తగాదాలున్నాయి కానీ, వాటిలో దేవుడు ఉన్నాడా లేడా అన్న తగాదా దాదాపు లేదు. ఆ సంగతి తేల్చుకున్న తర్వాతే ఎవరైనా మా దగ్గరికి వస్తారు. వచ్చినవారు ఒకరితో ఒకరు ఎలా మెలగాలన్న చోటే పేచీ మొదలవుతుంది. ఈ పేచీల గురించి బయటివారిలోనూ, కొత్తగా చేరేవారిలోనూ, మాలో మాకూ ఉన్న కొన్ని అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాస్తికులందరి భావాలూ ఒకటే కనుక, వారి మధ్య వచ్చే గొడవలన్నీ అహంకారాల వల్ల వచ్చేవే.

వాస్తవం: నాస్తికత్వం ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు. స్త్రీలతో ఎలా ప్రవర్తించాలి, కులాన్ని ఏం చేయాలి, ఏ పార్టీకి ఓటు వేయాలి, మైనారిటీ మతాన్ని విమర్శించేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరం అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. 2004, 2007 మధ్య మతాన్ని విమర్శించే రచయితలు శామ్ హారిస్, రిచర్డ్ డాకిన్స్, డేనియల్ డెనెట్, క్రిస్టఫర్ హిచెన్స్‌ల పుస్తకాలు వెలువడి, వాటి చుట్టూ ఇంటర్నెట్‌లో లక్షల మంది పోగైనప్పుడు, దేవుడి విషయంలో ఏకాభిప్రాయం ఉంది కదా, మిగతావన్నీ అవే సర్దుకుంటాయని మేమంతా అనుకున్నాం. సర్దుకోలేదు.

2011 జూన్‌లో డబ్లిన్‌లో జరిగిన ప్రపంచ నాస్తిక సభ సంగతి చెప్పాలి. రెబెకా వాట్సన్ అనే అమెరికన్ వక్త, నాస్తిక సమూహాల్లో స్త్రీలకు ఎదురయ్యే ఇబ్బందుల గురించి ఆ సభలోనే మాట్లాడారు. ఆ రాత్రి హోటల్ బార్‌లో కబుర్లు సాగి, తెల్లవారుజామున నాలుగింటికి, అలసిపోయాను, వెళ్లి పడుకుంటానని చెప్పి లేచారు. అక్కడున్న ఒక వ్యక్తి ఆమె వెనకాలే లిఫ్టులోకి వచ్చి, కాఫీ తాగడానికి తన గదికి రమ్మని అడిగాడు. ఆమె కాదన్నారు. తర్వాత ఒక వీడియోలో వేరే విషయాల మధ్య ఈ సంగతి చెప్పి, మగవాళ్లు ఇలా చేయవద్దని ఒక్క మాట అన్నారు. అతని పేరు చెప్పలేదు, శిక్షించమని అడగలేదు. ఆ ఒక్క మాట మీద నెలల తరబడి దుమారం రేగింది. ముస్లిం దేశాల స్త్రీలు పడే బాధల ముందు ఇదొక బాధా అని ఎత్తిపొడుస్తూ, ఒక ఊహాజనిత ముస్లిం స్త్రీకి ఉత్తరం రాసినట్టుగా డాకిన్స్ వ్యాఖ్య పెట్టారు. అప్పటిదాకా ఒకే పుస్తకాలు చదివి, ఒకే సభలకు వెళ్లినవారు రెండుగా విడిపోయారు. వాట్సన్‌కు అత్యాచార బెదిరింపులు వచ్చాయి.

2012 ఆగస్టులో అమెరికన్ నాస్తిక బ్లాగర్ జెన్ మెక్‌క్రైట్ ‘ఎథీయిజం ప్లస్’ అన్న పేరుతో, నాస్తికత్వానికి తోడు సామాజిక న్యాయం కూడా మన పని కావాలని ప్రతిపాదించారు. మరుసటి నెలకే, వేధింపులు భరించలేక ఆమె రాయడం మానేశారు. ఆ వారాల్లో మా వేదికలో అడ్మిన్లం వంతులవారీగా మేలుకుని ఉండేవాళ్లం. ఆమె మీద వచ్చే రాతలు తొలగిస్తుంటే భావస్వేచ్ఛను చంపుతున్నారని మమ్మల్ని తిట్టారు. తొలగించడం ఆలస్యమైతే మీరూ వారితో కలిసిపోయారని ఇంకొకరు తిట్టారు. 2014లో డాకిన్స్ తన పాత వ్యాఖ్యకు విచారం తెలిపారు. ఆ విచారం గుర్తున్నవారు నాకు చాలా తక్కువమంది తారసపడ్డారు. ఉత్తరం మాత్రం అందరికీ గుర్తుంది.

ఆ గీత ఇప్పటికీ చెరిగిపోలేదు. 1996లో డాకిన్స్‌కు ఇచ్చిన పురస్కారాన్ని అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్ 2021లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి ఆయన రాసిన మాటల కారణంగా వెనక్కి తీసుకుంది. 2024 డిసెంబరులో, స్త్రీ పురుష లింగభేదాల మీద జీవశాస్త్రవేత్త జెర్రీ కోయిన్ రాసిన వ్యాసాన్ని ఫ్రీడమ్ ఫ్రమ్ రిలిజియన్ ఫౌండేషన్ అన్న అమెరికన్ నాస్తిక సంస్థ ప్రచురించి, వెంటనే తొలగించింది. దానికి నిరసనగా కోయిన్, మనస్తత్వవేత్త స్టీవెన్ పింకర్, డాకిన్స్ ఆ సంస్థ గౌరవ మండలి నుంచి తప్పుకున్నారు. వీటిని అహంకారాల పోరుగా కొట్టిపారేసేవారు అసలు ప్రశ్నను చూడడం లేదు. ఉద్యమం దేవుడి దగ్గరే ఆగాలా, మనుషుల దాకా రావాలా అన్నది నిజమైన భేదం. దాన్ని భేదంగా ఒప్పుకోనంత కాలం అది వ్యక్తిగత దూషణగానే బయటపడుతుంది.

అపోహ: ఈ చీలికలు సోషల్ మీడియా తెచ్చిపెట్టిన జబ్బు.

వాస్తవం: చార్లెస్ బ్రాడ్‌లా 1866లో ఇంగ్లండులో నేషనల్ సెక్యులర్ సొసైటీని స్థాపించారు. పదకొండేళ్లకే అది చీలింది. కుటుంబ నియంత్రణ గురించి ఒక అమెరికన్ డాక్టరు రాసిన చిన్న పుస్తకం మీద కేసు నడుస్తుంటే, ప్రచురణకర్త చార్లెస్ వాట్స్ నేరం ఒప్పుకున్నారు. దానికి ఒప్పుకోని బ్రాడ్‌లా, అనీ బిసెంట్ అదే పుస్తకాన్ని మళ్లీ అచ్చువేసి 1877లో బోను ఎక్కారు. మన ఉద్యమానికీ గర్భనిరోధానికీ ఏం సంబంధమని అడిగిన వాట్స్, హోలియోక్ తదితరులు బయటికి వెళ్లి వేరే సంఘం పెట్టుకున్నారు. స్త్రీల బతుకు మన విషయమా కాదా అన్న ప్రశ్న మీదే 1877లోనూ విడిపోయారు, 2011లోనూ విడిపోయారు. ఆ బిసెంటే తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి, మన మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టారు.

తెలుగునాట కూడా గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించి, 1947లో విజయవాడకు తరలించారు. ఆయన గాంధీజీతో కలిసి నడవడానికి ప్రయత్నించిన నాస్తికుడు. గాంధేయ మార్గాన్ని తీవ్రంగా విమర్శించిన ఎం.ఎన్. రాయ్ అనుచరులు మానవవాదులుగా వేరే దారిలో ఉన్నారు. నాస్తికుడు, హేతువాది, మానవవాది అన్న మూడు పేర్ల మధ్య తేడా ఏమిటన్న వాదం మన దగ్గర ఇప్పటికీ తెగలేదు. అయితే ఆ రోజుల్లో ఒక వ్యాసానికి జవాబు రాయాలంటే పత్రిక మరుసటి సంచిక దాకా ఆగాలి. ఆ నెల రోజుల్లో కోపం కొంత చల్లారేది, సంపాదకుడు పరుషమైన వాక్యం ఒకటి కొట్టేసేవాడు. ఇప్పుడు మధ్యలో ఆ నెలా లేదు, ఆ సంపాదకుడూ లేడు.

వేదిక ఏర్పాటే తగాదాను ఎలా పుట్టిస్తుందో చూడాలంటే 2013లో రెడిట్ అనే చర్చల సైట్‌లోని నాస్తిక విభాగంలో జరిగింది చూడాలి. సైట్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ అది దానంతట అదే కనిపించేది. దాన్ని మొదలుపెట్టిన వ్యక్తి చాలాకాలంగా అటువైపు రాకపోవడంతో జూన్‌లో అతన్ని తప్పించి, మిగిలిన అడ్మిన్లు ఒక నియమం పెట్టారు. బొమ్మలు ఇక నేరుగా పెట్టకూడదు, రాసిన పోస్టు లోపల లింకుగా ఇవ్వాలి. చదివేవారికి ఒక క్లిక్కు పెరుగుతుంది, పెట్టినవారికి చదివినవారి ఓట్లతో వచ్చే పాయింట్లు రావు. అంతే మార్పు. దాని మీద తిరుగుబాటు లేచింది. చవకబారు బొమ్మలు పోయి మంచి చర్చ వస్తుందని ఒక పక్షం అంది. మతనిష్ఠ గల ఇంట్లో నోరు విప్పలేని పిల్లవాడికి ఆ బొమ్మ ఒక్కటే ఊపిరి అని రెండో పక్షం అంది. నేను అప్పుడు మొదటి పక్షం. ఇప్పుడు ఆలోచిస్తే, రెండో పక్షం చెప్పినదాన్ని మేము వినిపించుకోలేదనిపిస్తుంది. జులైలో ఆ విభాగాన్ని రెడిట్, కొత్తవారికి దానంతట అదే కనిపించే ముందువరుస జాబితా నుంచి తీసేసింది.

అపోహ: నాయకులు ఇలా కొట్టుకుంటే మతం వదిలేవారు తగ్గిపోతారు.

వాస్తవం: ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేల ప్రకారం ఏ మతానికీ చెందమని చెప్పిన వయోజనులు అమెరికాలో 2007లో 16 శాతం, 2023-24 నాటికి 29 శాతం. ఈ గొడవల కాలంలోనే మతం వదిలేవారు బాగా పెరిగారు, మా సంఘాల్లోకి మాత్రం రావడం లేదు. 

అపోహ: ఎంత ఘాటుగా మాట్లాడితే అంత నికార్సయిన నాస్తికుడు.

వాస్తవం: 2010లో లాస్ వేగాస్‌లో జరిగిన హేతువాదుల సభలో ఖగోళ శాస్త్రవేత్త ఫిల్ ప్లేట్ సభికులను ఒక ప్రశ్న అడిగారు. ఎవరో మొహం మీదకు వచ్చి, నువ్వు మూర్ఖుడివని అరిస్తే నమ్మకం వదిలినవారు మీలో ఎంతమంది అన్నారు. చాలా కొద్ది చేతులు లేచాయి. దానిమీదా రెండు వర్గాలయ్యాయి. మర్యాదగా చెప్పాలన్నది ఒక వర్గం మాట, ఇంతకాలం మృదువుగా చెప్పి ఏం సాధించామన్నది రెండో వర్గం మాట. ఆ మాటలోనూ నిజముంది. నిక్కచ్చిగా రాసిన పుస్తకం చదివి బయటపడినవారు మా గ్రూపులో చాలామంది ఉన్నారు.

2022 డిసెంబరులో కొడంగల్ సభలో ఒక నాస్తిక నాయకుడు అయ్యప్ప పుట్టుక గురించి అన్న మాటలపై రాష్ట్రమంతటా ఆందోళన జరిగి, ఆయన అరెస్టయినప్పుడు, మా గ్రూపు వారం రోజులు నిద్రపోలేదు. మాట నచ్చకపోయినా అరెస్టును ఖండించాల్సిందేనని కొందరు, మాల వేసుకున్నవారిలో బడుగు కులాలవారే ఎక్కువని, వారిని గాయపరిచి మనం ఎవరిని మారుస్తామని మరికొందరు. నా మటుకు నాకు ఈ రెండూ కలిపి పట్టుకోదగ్గ మాటలే. పురాణాన్ని ప్రశ్నించే హక్కు కోసం నిలబడాలి. మాల వేసుకున్న ఆటోడ్రైవరును ఎగతాళి చేసే పోస్టును తొలగించాలి. ఆ వారం నేను రెండూ చేశాను, రెండు వైపులా సభ్యులను పోగొట్టుకున్నాను.

అపోహ: ఎదురుగా మతోన్మాదులుండగా, లోపలి తప్పులు ఎత్తిచూపడం ద్రోహం.

వాస్తవం: ప్రమాదం నిజమే. ‘ముక్తో మోనా’ అన్న బెంగాలీ వేదికను స్థాపించిన అవిజిత్ రాయ్‌ను 2015 ఫిబ్రవరి 26న ఢాకాలో నడివీధిలో నరికి చంపారు. ఆ ఏడాదే వషీకుర్ రెహమాన్, అనంత విజయ్ దాస్, నీలాద్రి ఛటర్జీలను కూడా హత్య చేశారు. 2017 మార్చిలో కోయంబత్తూరులో, నాస్తిక భావాలు పంచుకుంటూ వాట్సాప్ గ్రూపు నడిపిన ఫారూక్‌ను చంపారు. కానీ ఈ ప్రమాదం లోపలి తప్పును దాచమని చెప్పదు. వేధింపుకు గురైన స్త్రీని నోరు మూసుకోమంటే ఆమె ఉద్యమం వదిలి వెళ్లిపోతుంది, వేధించినవాడు మిగులుతాడు. డబ్లిన్ తర్వాత జరిగిన రగడలో నుంచే అమెరికాలోని పలు నాస్తిక సభలు వేధింపుల నిరోధానికి రాతపూర్వక నియమాలు పెట్టుకున్నాయి.

అసలు ద్రోహం వేరే ఉంది, దాని గురించి మాలో తగినంత మాట్లాడుకోం. వాదంలో ఓడిపోతున్న కోపంలో, మారుపేరుతో రాసే సభ్యుడి అసలు పేరో, అతని చెల్లెలు చదివే కాలేజీయో బయటపెట్టడం. మూసి ఉన్న గ్రూపులోని మాటను స్క్రీన్‌షాట్ తీసి బయట పంచడం. మతం వదిలిన ముస్లిం యువతికీ, పాస్టరు కొడుక్కీ ఆ మారుపేరు ఇంటి తలుపు గడియ లాంటిది. మా దగ్గర ఈ ఒక్క తప్పుకు హెచ్చరిక ఉండదు, మళ్లీ చేర్చుకోవడం ఉండదు.

అపోహ: ఆన్‌లైన్ సమూహం కాలక్షేపమే తప్ప నిజమైన సమాజం కాదు.

వాస్తవం: నాలుగేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండు దాటాక, ప్రకాశం జిల్లా నుంచి ఒక అమ్మాయి మా గ్రూపులో పోస్టు పెట్టింది. తండ్రి పోయి తొమ్మిది రోజులు. ఎల్లుండి పెద్దకర్మ. మగపిల్లలు లేరు కనుక పెదనాన్న కొడుకు చేత చేయిస్తామంటున్నారు. తనకు నమ్మకం లేదు, తల్లిని ఒంటరిగా వదలలేదు. ‘నేను ఆ పీటల దగ్గరికి పోకపోతే అమ్మకు ఏమని చెప్పాలి?’ అని అడిగింది. మొదటి కామెంటు, పెద్దకర్మ భోజనం చేసేవారు నాస్తికులే కాదని. రెండోది, కర్మకాండలు ఏ కులం సృష్టి అని. అక్కడి నుంచి మార్క్స్, అంబేడ్కర్, వర్గమా కులమా. తెల్లారి నేను చూసేసరికి 140 కామెంట్లు. నాలుగో కామెంటు తర్వాత ఆమెను ఉద్దేశించి ఒక్క మాట లేదు. మధ్యలో ఒకచోట ఆమె ‘సరేనండి’ అని రాసి ఉంది. ఆ తర్వాత గ్రూపు వదిలి వెళ్లిపోయింది. తిరిగి సంప్రదించడానికి మా దగ్గర ఆమె నంబరు కూడా లేదు.

గుడి ఆ పదకొండు రోజులూ ఏం చేయాలో చెబుతుంది. పురోహితుడు, చుట్టాలు, వంటవాళ్లు, బల్లల వరుసలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. వాటిని వదలమని చెప్పే మనం బదులుగా ఏమిస్తున్నాం? పాత తరం దీన్ని గుర్తించింది. అందుకే ముహూర్తం, పురోహితుడు లేని ఆదర్శ వివాహాలు జరిపించారు, సంస్మరణ సభలు పెట్టారు, వైద్య కళాశాలలకు దేహదానాలు చేయించారు. జనన ధ్రువపత్రంలో కులం లేదు, మతం లేదు అని రాయించుకోవాలనుకునే తల్లిదండ్రులకు వీలు కల్పించాలని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు చెప్పిన తర్వాత, ఆ దరఖాస్తు ఎలా పెట్టాలని మమ్మల్ని అడిగినవారున్నారు. వారికి కావలసింది వాదన కాదు, మున్సిపల్ ఆఫీసుకు తోడు వచ్చే మనిషి.

ఆ అమ్మాయి వెళ్లిపోయాక మేము ఒక నియమం పెట్టుకున్నాం. చావు, పెళ్లి, ఇల్లు వదలడం గురించి ఎవరైనా రాస్తే, ఆ పోస్టు కింద కామెంట్లు వెంటనే ఆపేస్తాం. గంటలోపు ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ, నేరుగా సందేశం పంపి మాట్లాడతారు. సిద్ధాంతం ఎత్తరు. అమ్మ పక్కన కూర్చో, పీటల మీద కూర్చోవడమా మానడమా అన్నది నీ ఇష్టం, ఏది చేసినా నిన్ను మేము తప్పుపట్టం అని చెబుతారు. నాన్న గురించి పది వాక్యాలు చదవాలని ఉంటే, ఆయన ఏం పని చేసేవారో, ఏ కూర ఇష్టమో, ఎవరికి సాయపడ్డారో అడిగి తెలుసుకుని, ఆ రాత్రే రాసి పంపుతారు.