సర్ఫేస్ ఈఎంజీ నంబర్ ఎందుకు నిలకడగా ఉండదు? ఈ గొడవ 1849 నాటిది

ఫిజియో దగ్గరో, స్పోర్ట్స్ ల్యాబ్‌లోనో కండరం మీద రెండు స్టిక్కర్లు అంటించి, స్క్రీన్ మీద గీతలు గెంతుతుంటే నీ కండరం ఇంత పనిచేస్తోంది అని ఒక నంబర్ చెప్తారు కదా, అదే సర్ఫేస్ ఈఎంజీ, కండరం బిగిస్తే పుట్టే కరెంటుని చర్మం మీంచే కొలవడం. సూది గుచ్చరు కాబట్టి అందరికీ ఇష్టమే. కానీ అదే మనిషికి అదే కండరం మీద రెండ్రోజుల తర్వాత మళ్ళీ పెడితే, బలంలో తేడా లేకపోయినా నంబర్ మారిపోవచ్చు.

1849లో జర్మనీలో ఎమిల్ డు బోయ్ రేమండ్ అనే సైంటిస్ట్, మనిషి చెయ్యి బిగిస్తే పుట్టే కరెంటుని గాల్వనోమీటర్‌లో, అంటే చిన్న కరెంటుని ముల్లుతో చూపించే మీటర్‌లో, పట్టుకున్నాడు. ముల్లు కదిలింది గానీ చాలా కొంచెం. చర్మమే అడ్డం పడుతోందని బొబ్బలు తెప్పించి, పైపొర తీసేసి, ఆ పచ్చి పుండు మీదే మళ్ళీ కొలిస్తే ముల్లు ఎన్నో రెట్లు ఎక్కువ తిరిగింది. మధ్యలో చర్మం ఎంత తినేస్తుందో ఆ రోజే తెలిసిపోయింది!

1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనే సైంటిస్టులు కండరంలోకే దించే సూది ఎలక్ట్రోడ్ (సిగ్నల్ పట్టే భాగం, మన స్టిక్కర్ చేసే పనే) తెచ్చాక నరాల జబ్బులు పట్టుకునే డాక్టర్లు ఎక్కువగా అటు వెళ్ళారు, నడక, ఆటలు, రిహాబ్ చూసేవాళ్ళు స్టిక్కర్ దగ్గరే ఉండిపోయారు. 2000లో అమెరికా న్యూరాలజిస్టుల సంఘం కూడా నరాలు, కండరాల జబ్బు తేల్చడానికి సూది పరీక్ష బదులు ఈ స్టిక్కర్ ఈఎంజీ సరిపోదనే చెప్పింది.

అసలు చిక్కేంటంటే చర్మం దాకా వచ్చే సిగ్నల్ మైక్రోవోల్టుల నుంచి కొన్ని మిల్లీవోల్టుల లోపే, దానికి కింద కొవ్వు మందం, పైన చెమట, పక్క కండరం నుంచి కారే సిగ్నల్, గోడ ప్లగ్గుల 50 హెర్ట్జ్ రొద, ఇవన్నీ తోడు. నరం కండరంలో కలిసే చోటు మీద ఎలక్ట్రోడ్లు పడితే, ఒక సెంటీమీటర్ జరిగినా సిగ్నల్ సైజు మారిపోతుంది. పైగా పాజిటివ్ నెగటివ్ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకే నంబర్ డబుల్ అయితే బలం కూడా డబుల్ అనుకోవడం తప్పు.

1990ల్లో ఒక్కో ల్యాబ్ ఒక్కోచోట అంటించేది, రిజల్ట్స్ పోల్చడానికే వీల్లేదు. యూరప్‌లో సెనియామ్ ప్రాజెక్ట్ 1999లో ఏ కండరానికి ఎక్కడ పెట్టాలి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 20 మిల్లీమీటర్లు ఉండాలి అని రాసిపెట్టింది. దానికి తోడు, ముందు పూర్తి బలంతో బిగించమని ఆ కొలతని 100 శాతం అనుకుని మిగతావి దానితో పోల్చడం. ఇదీ గట్టిదేం కాదు, నొప్పున్నవాడు పూర్తిగా ఎలా బిగిస్తాడు?

అందుకే ఈ ఎక్సర్‌సైజ్‌లో యాక్టివేషన్ (అంటే ఈ ఈఎంజీ నంబరే) ఎక్కువ కాబట్టి కండ ఎక్కువ పెరుగుతుంది అనే పోస్టులు చూస్తే నాకు బాధేస్తుంది, ఆ నంబర్ చెప్పేది అది కాదు. నేనైతే వెంట్రుకలు గీసి, స్పిరిట్‌తో తుడిచి, స్టిక్కర్ చుట్టూ పెన్నుతో గీత గీసి, స్నానంలో రుద్దొద్దని పేషెంట్‌కి చెప్పి పంపిస్తా. రెండోసారి వచ్చినప్పుడు ముందు ఆ గీతే వెతుకుతా.