సైనిక క్రిప్టాలజీ: అపోహలు - వాస్తవాలు

క్రిప్టాలజీలో, అంటే సందేశాలను కోడ్‌లో దాచే, శత్రువుల కోడ్‌ను ఛేదించే పనిలో ఉన్నానంటే "అయితే లెక్కలు బాగా వచ్చుండాలే" అంటారు. సైన్యంలో ఈ పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారంటే మాత్రం నమ్మరు.

అపోహ: కోడ్ ఛేదించేవాళ్లకు ప్రాణభయం ఉండదు.

వాస్తవం: ఛేదించాలంటే ముందు సందేశం చేతికి చిక్కాలి. బలహీనమైన సిగ్నల్ దూరానికి అందదు, కాబట్టి వినేవాళ్లు శత్రువుకు దగ్గరగా వెళ్లక తప్పదు. 1961 డిసెంబర్ 22న అమెరికన్ సైనికుడు జేమ్స్ డేవిస్ శత్రువుల ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో పసిగట్టే పరికరాలతో వియత్నాంలోని సైగాన్ దగ్గర ట్రక్కులో వెళ్తుండగా, మాటువేసి చంపేశారు. ఆయన యూనిట్ పేరు 3వ రేడియో రీసెర్చ్ యూనిట్. రీసెర్చ్ ఏమీ లేదు, అదొక ముసుగు పేరు.

సముద్రం మీద, గాల్లో నష్టం ఇంకా ఎక్కువ. 1967 జూన్ 8న సినాయ్ తీరానికి దూరంగా ఉన్న యూఎస్ఎస్ లిబర్టీ అనే అమెరికా నిఘా నౌక మీద ఇజ్రాయెల్ విమానాలు, టార్పెడో బోట్లు దాడి చేశాయి. పొరపాటున జరిగిందని ఇజ్రాయెల్ క్షమాపణ చెప్పింది. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది ఆ మాటను ఇప్పటికీ ఒప్పుకోరు. చనిపోయిన 34 మందిలో 25 మంది ఒక్క టార్పెడో దెబ్బకే పోయారు. అది తగిలింది సిగ్నల్స్ వినే విభాగానికి. రెండేళ్లు తిరక్కముందే, 1969 ఏప్రిల్ 15న, ఉత్తర కొరియా మిగ్ యుద్ధవిమానాలు జపాన్ సముద్రం మీద ఈసీ-121 అనే అమెరికా నిఘా విమానాన్ని కూల్చేశాయి. అందులో ఉన్న 31 మందీ చనిపోయారు.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు సందేశాలను కోడ్‌లోకి మార్చడానికి వాడిన ఎనిగ్మా యంత్రాన్ని బ్రిటిష్ గణితజ్ఞుడు అలన్ ట్యూరింగ్ ఒక్కడే ఛేదించాడు.

వాస్తవం: ఆయన గొప్పతనానికి వంక పెట్టలేం. కానీ సైనిక ఎనిగ్మా లోపలి వైరింగ్‌ను 1932లోనే గణితంతో రాబట్టింది పోలెండ్‌కు చెందిన మరియన్ రేయెవ్‌స్కీ. ఇంకో సంగతి. 1942 అక్టోబర్ 30న మధ్యధరాలో మునిగిపోతున్న యూ-559 అనే జర్మన్ జలాంతర్గామిలోకి బ్రిటిష్ నావికులు ఫాసన్, గ్రేజియర్ దిగి, కోడ్ పుస్తకాలు పైకి అందించారు. అందుకున్నది టామీ బ్రౌన్ అనే 16 ఏళ్ల క్యాంటీన్ కుర్రాడు. అతను బయటపడ్డాడు, వాళ్లిద్దరూ జలాంతర్గామితోపాటే మునిగిపోయారు. నెలల తరబడి కొరకరాని కొయ్యగా ఉన్న జర్మన్ జలాంతర్గాముల సందేశాలను బ్రిటన్ కోడ్ ఛేదన కేంద్రం బ్లెచ్లీ పార్క్ డిసెంబర్ నుంచి మళ్లీ చదవగలిగింది ఆ పుస్తకాల వల్లే. ఈ ముగ్గురూ క్రిప్టాలజిస్టులు కారు. అయినా ఎనిగ్మా కథ చెప్పేటప్పుడు వీళ్ల పేర్లు వదిలేయడం నాకు అన్యాయమనిపిస్తుంది.

అపోహ: కోడ్ విప్పలేకపోతే విన్నదంతా వృథా.

వాస్తవం: ఎవరు ఎవరితో, ఎక్కణ్ణుంచి, ఎంత తరచుగా మాట్లాడుతున్నారో తెలిసినా దళాల కదలిక అర్థమవుతుంది.

అపోహ: యుద్ధం అయ్యాక వీళ్లకు తగిన గౌరవం దక్కింది.

వాస్తవం: బ్లెచ్లీలో పనిచేసినవాళ్లు 1970ల దాకా ఇంట్లోవాళ్లకు కూడా నోరు విప్పలేదు. అమెరికాలో ఈ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం ఫోర్ట్ మీడ్ సైనిక స్థావరంలో పెట్టిన నల్ల గ్రానైట్ స్మారకం 1996లో గానీ రాలేదు. 1942లో పసిఫిక్‌లో అమెరికా, జపాన్ మధ్య జరిగిన మిడ్‌వే యుద్ధానికి ముందు జపాన్ పథకాన్ని పసిగట్టిన బృందానికి నాయకుడు జోసెఫ్ రోష్‌ఫోర్ట్. ఆయనకు మెడల్ ఇవ్వాలని అమెరికా పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్ సిఫారసు చేసినా వాషింగ్టన్‌లో తోసిపుచ్చారు. ఆయన 1976లో చనిపోయారు. మెడల్ మంజూరైంది 1980లలో.