మెసేజ్ అందితే చాలదు, తాజాగా అందాలి

ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఒకావిడ రోడ్డు దాటబోతోంది. పక్క లేన్‌లో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కారు వస్తోంది. బస్సు అడ్డుగా ఉండటంతో డ్రైవరుకు ఆవిడ కనిపించదు. అయితే ఆవిడ ఫోన్ తానెక్కడుందో, ఎటు కదులుతోందో రేడియోలో నేరుగా కారుకు చెప్పగలిగితే? అమెరికా, యూరప్‌లలో ఇలాంటి మెసేజ్‌ల కోసం 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చోటు కేటాయించారు.

ఆ మెసేజ్ ఒక్క సెకను పాతదైనా ప్రమాదమే. ఆ సెకనులో కారు దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది. ఆవిడ రోడ్డు మీదికి వచ్చేసినా, కారు లెక్కలో ఇంకా ఫుట్‌పాత్ మీదే ఉంటుంది.

అలాంటప్పుడు వీలైనన్ని ఎక్కువసార్లు పంపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. రద్దీ కూడలిలో వెయ్యి ఫోన్లు సెకనుకు పదేసి మెసేజ్‌లు పంపితే పదివేలు అవుతాయి. అన్నిటికీ రేడియో దారి ఒకటే. కొన్ని ఒకదానితో ఒకటి ఢీకొని పాడవుతాయి, మిగతావి క్యూలో పడి పాతబడతాయి.

సంజిత్ కౌల్, రాయ్ యేట్స్, మార్కో గ్రూటెసర్ అనే పరిశోధకులు 2012లో దీన్ని లెక్కగట్టి చూపించారు. అవతలివారి దగ్గరున్న తాజా సమాచారం పుట్టి ఎంతసేపయిందో, అదే దాని వయసు. ముందొచ్చినవే ముందు పోయే మామూలు క్యూలో, దారి సుమారు 53 శాతం సమయమే బిజీగా ఉన్నప్పుడు సగటు వయసు అతి తక్కువ. దారి దాదాపు సగం సేపు ఖాళీగా ఉంటేనే కబురు తాజాగా ఉంటుందన్నమాట! నాకు ఈ ఫలితం ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమే.

అందుకే క్యూలో ఉన్న పాత మెసేజ్‌ను పారేసి, దాని స్థానంలో కొత్తది పెట్టడం మేలు. పాదచారుల కోసం యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ రాసిన నియమాలు ఇంకో దారి చూపాయి: కలిసి నడిచే గుంపు తరఫున ఒక్క ఫోన్ మాట్లాడితే చాలు.

ఇక ఫోన్ లేనివాళ్ల సంగతి? వాళ్లను వదిలేసే భద్రత నా దృష్టిలో భద్రతే కాదు. కూడలిలోని కెమెరా వాళ్లను గుర్తించి, వాళ్ల తరఫున వాహనాలకు చెప్పగలదు. అప్పుడు కూడా వయసును కెమెరా చూసిన క్షణం నుంచే లెక్కించాలి, మెసేజ్ పంపిన క్షణం నుంచి కాదు. మనిషిని గుర్తుపట్టడానికి కంప్యూటరుకు పట్టిన సమయంలోనూ కారు ఆగదు.