ఎమ్మా అనే అక్క

చిరంజీవులైన నా మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ లిజ్జీ బోర్డెన్ కథ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. గొడ్డలి, పోలీసులు, కోర్టు, ఏదీ వదల్లేదు. "ఆవిడకి తోడబుట్టినవాళ్ళు లేరా?" అని నేనడిగితే "ఎవరో సిస్టర్ ఉండేదట" అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. సిస్టర్ అంటే అక్కో చెల్లెలో తెలియదు కదా! ఎమ్మా అక్క. తొమ్మిదేళ్ళు పెద్దది. ఆ తేడా తెలిస్తేనే ఆమె కథ తెలుస్తుంది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్ రివర్ అనే నూలు మిల్లుల ఊరు. 1892 ఆగస్టు 4న ఆండ్రూ బోర్డెన్‌నీ, ఆయన రెండో భార్య ఆబీనీ వాళ్ళింట్లోనే చంపేశారు. చిన్న కూతురు లిజ్జీ మీద నేరం మోపారు. 1893 జూన్ 20న జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. ఆ తర్వాత ఎవరికీ శిక్ష పడలేదు. ఇదంతా మీకు తెలిసిందే.

ఇప్పుడు ఇంకో ముప్పయ్యేళ్ళు వెనక్కి రండి. 1863 మార్చిలో వాళ్ళ కన్నతల్లి సారా చనిపోయింది. ఎమ్మాకు పన్నెండేళ్ళు, లిజ్జీకి మూడేళ్ళు కూడా నిండలేదు. మధ్యలో పుట్టిన ఆలిస్ అప్పటికే పసితనంలో పోయింది. చెల్లెల్ని చూసుకుంటానని ఎమ్మా తల్లికి మాటిచ్చింది. పన్నెండేళ్ళంటే మీ పెద్దదాని వయసు! నేనూ ఆ వయసులో తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగినదాన్నే. సాయంత్రానికి అమ్మ వచ్చి అందుకునేది. ఎమ్మా దగ్గర్నుంచి అందుకోవడానికి ఎవరూ లేరు. రెండేళ్ళకు తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు గానీ, సవతి తల్లిని ఎమ్మా అమ్మా అనలేదు. ఆబీ అని పేరు పెట్టే పిలిచేది.

హత్యల రోజున ఎమ్మా ఊళ్ళో లేదు. ఫెయిర్‌హేవెన్‌లో స్నేహితుల ఇంట్లో ఉంది. టెలిగ్రాం అందుకుని ఆ సాయంత్రానికి ఇల్లు చేరింది.

కోర్టులో ఆమె చెప్పిన సాక్ష్యంలో నన్ను కదిలించినవి చాలా చిన్న సంగతులు. ఇంట్లో పెద్ద గది మొదట ఎమ్మాదే. హత్యలకు రెండేళ్ళ ముందు దాన్ని చెల్లెలికిచ్చి, తను పక్కనున్న చిన్న గదిలోకి మారింది. మార్చుకుందామన్నది కూడా తనేనని చెప్పింది. ఆ చిన్న గదిలోకి వెళ్ళాలంటే లిజ్జీ గదిలోంచే దారి. బట్టల అలమరలో నీలం గౌన్లు ఎన్నని వకీలు అడిగితే పది అంది. రెండు తనవి, ఎనిమిది చెల్లెలివి.

హత్యలు జరిగిన మూడో రోజున లిజ్జీ ఒక గౌను పొయ్యిలో కాల్చేసింది. కేసులో చిక్కుముడి అదే. దానికి రంగు అంటుకుందనీ, ఇంకా పారేయలేదేమని లిజ్జీని అడిగింది తనేననీ ఎమ్మా చెప్పింది. చెల్లెలి మీద పడిన అనుమానంలో కొంత తన నెత్తికెత్తుకుంది. అది ఉన్నదున్నట్టు చెప్పిన మాటో, కాపాడటానికి చెప్పిన మాటో అని పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం అందులో తల్లికిచ్చిన మాట వినిపిస్తుంది.

తర్వాత ఇద్దరూ మేపుల్‌క్రాఫ్ట్ అనే పెద్ద ఇంటికి మారారు. ఊళ్ళోవాళ్ళు మొహం చాటేస్తే, ఆ వెలిని ఎమ్మా కూడా భరించింది. 1905లో మాత్రం ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. అప్పటికామెకు యాభై నాలుగేళ్ళు. దీన్ని చూపించి "అక్కకి నిజం తెలిసిపోయింది" అనేవాళ్ళున్నారు. అలా తేల్చేయకండి తల్లీ. 1913లో ఒక బోస్టన్ పత్రికతో మాట్లాడినప్పుడు కూడా చెల్లెలు నిర్దోషి అనే అంది, అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్నానంది. ఒకే కప్పు కింద ఉండలేకపోవడం వేరు, చెల్లెల్ని వదిలేయడం వేరు. నలభై ఏళ్ళు మోసిన మనిషి ఒకరోజు దించుకుంటే నేను తప్పుపట్టలేను.

1927 జూన్ 1న లిజ్జీ పోయింది. తొమ్మిది రోజులకు, జూన్ 10న, న్యూ హాంప్‌షైర్‌లో ఎమ్మా పోయింది. ఫాల్ రివర్‌లోని ఓక్ గ్రోవ్ శ్మశానంలో ఇద్దరివీ చిన్న చిన్న రాళ్ళు. లిజ్జీ రాయి మీద లిజ్‌బెత్ అనీ, అక్క రాయి మీద ఎమ్మా అనీ ఉంటుంది. చిన్నారి ఆలిస్, వాళ్ళమ్మ సారా కూడా అక్కడే ఉన్నారు.

మీ అమ్మమ్మ