అపోహలు - వాస్తవాలు: "20 ఏళ్లు దాటాయి, రిజైన్ చేసినా పెన్షన్ వస్తుంది"

మొన్న రాత్రి ఒక ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "సార్, 20 ఏళ్ల సర్వీసు దాటింది. రేపు రిజైన్ లెటర్ ఇచ్చేస్తున్నా. పెన్షన్ కాగితాలు ఎప్పుడు పెట్టాలి?" తెలిసిన పిల్లవాడే. "ముందు ఆ లెటర్ చించెయ్, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

పోలీసు శాఖలో పెన్షన్ సీటు చూసినన్నాళ్లూ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. రిటైరయ్యాకా వదల్లేదు. బ్యారక్‌లో ఎవరో చెబుతారు, వాట్సాప్‌లో ఇంకెవరో పంపుతారు: 20 ఏళ్లు నిండితే చాలు, ఎలా బయటికొచ్చినా పెన్షన్ గ్యారంటీ అని. ఇది తప్పు. చేసిన సర్వీసంతా తుడిచిపెట్టుకుపోయేంత తప్పు.

1980 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో ఇవి రెండు వేర్వేరు దారులు. రూల్ 43 కింద, 20 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు (పెన్షన్‌కు లెక్కలోకొచ్చే సర్వీసు) నిండినవారు మూడు నెలల నోటీసు ఇచ్చి వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోవచ్చు. పెన్షన్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందే ఒకేసారి తీసుకునే డబ్బు) అన్నీ వస్తాయి. అదే రాజీనామా అయితే, రూల్ 26 ప్రకారం గత సర్వీసు మొత్తం రద్దు. ఇరవై కాదు, ముప్పై ఏళ్లు చేసినా అంతే. మనిషి వెళ్లేది అదే గేటులోంచి, కానీ కాగితం మీద ఒక్క మాట మారితే కుటుంబం బతుకే మారిపోతుంది. కోర్టుకెళ్తే దయతో వాలంటరీగా మార్చేస్తారన్న ఆశా పెట్టుకోవద్దు. ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి ఒకరి కేసులో 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: 20 ఏళ్లు నిండాయా లేదా అన్నది కాదు, ఇచ్చింది రాజీనామా అయితే రాజీనామాయే.

నేను మరిచిపోలేని ఫైలు ఒకటుంది. 2004 సెప్టెంబరుకు ముందు చేరి పాత పెన్షన్ కిందికొచ్చే హెడ్ కానిస్టేబుల్, 22 ఏళ్ల సర్వీసు. ఊళ్లో తండ్రి మంచం పట్టాడు. బందోబస్తు మీద బందోబస్తు, సెలవు దొరకలేదు. ఒక సాయంత్రం కోపంలో తెల్లకాగితం మీద "సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను" అని ఒక్క వాక్యం రాసి, ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి బస్సెక్కాడు. అది నా టేబుల్ మీదికే వచ్చింది. "ఈయన ఉద్దేశం వాలంటరీ ఏమో, ఒకసారి పిలిచి అడుగుదాం" అని నోట్‌లో ఒక ముక్క రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. ఆ వారం ఆడిట్ ఉంది, ఫైలు పైకి పంపేశాను. ఆమోదం వచ్చింది. నాలుగు నెలల తర్వాత తండ్రి కర్మకాండలు ముగించుకుని వచ్చి, "సార్, నా పెన్షన్?" అని అడిగాడు. ఏం చెప్పను? 22 ఏళ్లంటే, వెయిటేజీ (వాలంటరీకి అదనంగా కలిపే సర్వీసు) కలపకముందే ఆఖరి బేసిక్‌లో మూడో వంతు. మీద డీఆర్ (కరువు భృతి). ఆయన తర్వాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్. అన్నీ ఆ ఒక్క వాక్యంలో పోయాయి. ఆ తర్వాత నా సీటుకొచ్చిన ఏ రాజీనామానూ, రాసినవాడితో మాట్లాడకుండా పైకి పంపలేదు. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనీ.

ఒంట్లో బాగోలేక మానేద్దామనుకునేవారూ ఇక్కడే పొరబడతారు. గుండె ఆపరేషన్ అయింది, మోకాళ్లు పోయాయి, ఇక నైట్ డ్యూటీ నావల్ల కాదు అంటూ రాజీనామా రాస్తారు. 10 ఏళ్లు నిండి, ఉద్యోగానికి పనికిరారని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉంది. అడగాల్సింది అది.

మూడో రకం వాళ్లు కుర్రాళ్లు. కానిస్టేబుల్‌గా ఉంటూ గ్రూప్-2 కొడతారు. ఆ సంతోషంలో పాత ఉద్యోగానికి మామూలు రాజీనామా ఇచ్చేస్తారు. డిపార్ట్‌మెంట్ అనుమతితో, త్రూ ప్రాపర్ చానల్ దరఖాస్తు చేసి, కొత్త ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికే రాజీనామా చేస్తున్నానని లెటర్‌లో రాస్తే అది టెక్నికల్ రిజిగ్నేషన్. పాత సర్వీసు కలుస్తుంది. ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కాపీ, రిలీవింగ్ ఆర్డరు, ఎస్‌ఆర్‌లో (సర్వీసు రిజిస్టరులో) ఎంట్రీ, మూడూ చూసుకుని గానీ బండెక్కకండి.

2004 సెప్టెంబరు 1, ఆ తర్వాత చేరి, జీతంలోంచి కోసి ఖాతాలో జమచేసే కొత్త పెన్షన్ పథకం (సీపీఎస్) కిందికొచ్చినవాళ్లు "మాది సీపీఎస్, మాకీ గొడవ లేదు" అనుకుంటారు. ఉంది. రిటైర్మెంట్ నాడైతే ప్రాన్ అనే మన పెన్షన్ ఖాతాలో ఉన్నదాంట్లో 60 శాతం దాకా చేతికొస్తుంది, 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ, కొనాలి. మధ్యలో రాజీనామా చేస్తే ఆ లెక్క తిరగబడుతుంది: ఖాతాలో సొమ్ము మరీ తక్కువైతే తప్ప, చేతికొచ్చేది 20 శాతం, మిగతా 80 యాన్యుటీకే. గ్రాట్యుటీ మీదా ఆశ వదులుకోవాలి. అన్నట్టు, 2025 ఏప్రిల్ 1న కేంద్రం తెచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) మన రాష్ట్రాల పోలీసులకు దానంతటదే వర్తించదు. ఎవరో ఫార్వర్డ్ చేశారని నన్ను అడగొద్దు.

మిగతా పుకార్లు గబగబా. నామినీకే పెన్షన్ వస్తుందన్నది అబద్ధం. ఫ్యామిలీ పెన్షన్ రూల్ ప్రకారం వెళ్తుంది, మొదట భార్య లేదా భర్తకు. పెళ్లికి ముందు ప్రాన్‌లో రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వండి. కారుణ్య నియామకం తీసుకుంటే ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుందన్న భయంతో ఉద్యోగం వద్దన్న ఒక తల్లిని చూశాను. ఆగదమ్మా, రెండూ వస్తాయి. కమ్యుటేషన్ తీసుకున్నాయన చనిపోతే ఆ డబ్బు భార్య పెన్షన్‌లోంచి కోయరు.

ఇక ఫోన్ చేసిన కుర్రాడి సంగతి. చించమన్నాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సార్, అబద్ధం చెప్పాను. పొద్దున్నే ఇచ్చేశాను" అన్నాడు. ఇంకా ఆమోదం రాలేదు కాబట్టి దారి ఉంది. ఆమోదించేలోపు రాజీనామాను వెనక్కి తీసుకోవచ్చు. ఫలానా తేదీన ఇచ్చిన రాజీనామాను ఉపసంహరించుకుంటున్నానని రెండు కాపీలు రాయించాను. ఆఫీసు తెరవగానే ఒకటి ఇన్‌వార్డులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోమన్నాను. పదిన్నరకి ఆ స్టాంపు ఫొటో పంపాడు. రూల్ 43 దరఖాస్తు రాయడానికి ఆదివారం మా ఇంటికొస్తున్నాడు.